దారం లేని కుట్టు

కుట్టుమిషన్‌ను ముందుగదిలోంచి తీసి వెనక సామాన్ల గదిలో పెట్టాలని ఆదివారం పొద్దున్నే చెప్పేసింది కోడలు. చెప్పడం మర్యాదగానే చెప్పింది. మామగారు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మెడలోని టేపు తీసి జేబులో పెట్టుకుని, మిషన్ తలను బల్లలోకి దించి, బెల్టు జారకుండా చక్రానికి ఓ గుడ్డపేలిక కట్టాడు. "కిటికీలో నూనె డబ్బా ఉంది, అదొక్కటి అందుకో అమ్మాయ్," అన్నాడంతే. కొడుకు ఒక పక్క, ఆయన ఒక పక్క పట్టుకుని మోశారు. గుమ్మం దాటేటప్పుడు ఇనుప కాలు గడపకు తగిలి ఠంగుమంది. ఆయన చప్పున కోడలి వైపు చూశాడు, తప్పు చేసి దొరికినట్టు.

ఆ చూపు కాస్త గుచ్చుకున్న మాట నిజమే. కానీ ఆమెకూ ఓ లెక్క ఉంది. పెద్దాయన దర్జీ పని చేసుకోవద్దని ఎవరన్నారు? పగలంతా బోలెడు ఖాళీ ఉంటుంది. ఆయనకు మాత్రం సరిగ్గా తొమ్మిదింటికి, పిల్లలు పుస్తకాలు తీయగానే మిషన్ ఎక్కాలనిపిస్తుంది. పన్నెండింటికి వాళ్లు పుస్తకాలు మూయగానే దిగాలనిపిస్తుంది. మూడు నెలలుగా ఇదే వరస. పట్టుబట్టి చేసినట్టే ఉంటుంది. నోట్లో నాలుక లేని మనిషికి ఇంత పంతమేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

ఇక ఓపిక పట్టే వీల్లేదు. పిల్లల్ని ఇంట్లో చదివించుకోవడానికి విద్యాశాఖ వాళ్లిచ్చిన అనుమతి ఆరు నెలలకే. ఆ గడువు అయిపోయింది. గురువారం తనిఖీ మేడం వస్తుంది. తొమ్మిదేళ్ల పెద్దది ఆమె ఎదుట ఒక పేజీ పైకి చదివి వినిపించాలి. చదివితే అనుమతి కొనసాగుతుంది. చదవకపోతే మళ్లీ ఆ బడికే, తడబడినప్పుడల్లా తరగతంతా నవ్వుతూ బల్లలు చరిచిన ఆ గదికే వెళ్లాలి.

మిషన్ వెళ్లిపోయిన చోట ఆమె నేల తుడిచింది. దారపు ముక్కలు, చాక్‌పీసు పొడి, రెండు గుండుసూదులు చీపురుకు వచ్చాయి. బల్లను కిటికీ పక్కకు జరిపింది, వెలుగు ఎడమ భుజం మీద పడేట్టు. పుస్తకాలు ఎత్తు ప్రకారం సర్దింది. పాత ఉన్నిగుడ్డను గుండ్రంగా కత్తిరించి కుర్చీకాళ్ల కింద ఒక్కొక్కటిగా అంటించింది. ఊళ్లోని గ్రంథాలయంలో మధ్యాహ్నం పూట ఆమె ఉద్యోగం. అక్కడి కుర్చీలకు కూడా ఇలాగే అంటించింది. పదేళ్లుగా ఆ హాల్లో ఎవరైనా గొంతు విప్పితే ఆమె మాట్లాడదు, పెదవుల మీద వేలు పెట్టి చూస్తుంది. ఎంతటివాళ్లయినా నోరు మూసుకోవాల్సిందే. చదువంటే ఆమెకు నిశ్శబ్దమే. ఆ నిశ్శబ్దాన్ని ఇంటికి మోసుకురావడమొక్కటే ఇన్నాళ్లూ మిగిలిపోయింది.

సాయంత్రం డ్యూటీకి బయల్దేరుతూ భర్త గది చూశాడు. ఆయన బస్సు నడుపుతాడు. "అబ్బో, మాట్లాడాలంటే టికెట్టు కొనుక్కోవాలేమో," అన్నాడు.

"మీరు ఎగతాళి చెయ్యకండి. అది బాగా చదివితే చాలు నాకు."

"చదువుతుందిలే," అన్నాడాయన, ఈసారి నవ్వకుండా.

సోమవారం తొమ్మిదింటికి గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేట్టుంది. ఇదివరకు ఆమె పాఠం చెప్పి వంటింట్లోకి వెళ్లేది, ఐదేళ్ల చిన్నదాన్ని వెంటబెట్టుకుని. ఆ చిన్నదాన్ని ఇంట్లో పిడుగు అంటారు, ఎందుకో చూసినవాళ్లు అడగరు. వంటింట్లోంచి తొంగి చూస్తే పెద్దదాని పెదవులు కదులుతూ కనిపించేవి. భోజనాల దగ్గర అది తాను చదివిన కథను పూసగుచ్చినట్టు చెప్పేది. ఓడ మునిగిందా, ఎలుగుబంటి దొరికిందా, అన్నీ. కనుక చదువుతోందని తెలుసు. ఇప్పుడు పక్కనే కూర్చుని వింటే తప్పులు దిద్దవచ్చు, గురువారానికి నున్నగా వస్తుంది. ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. కుర్చీ కిమ్మనలేదు.

పెద్దది వేలు పెట్టి మొదలుపెట్టింది. "ఒక... సము... సముద్..."

"సముద్రపు. ఊఁ, కానీ."

"సముద్రపు... ఒడ్..." అని తలెత్తి తల్లి మొహం చూసింది. తల్లి మొహంలో కోపమేమీ లేదు. అక్షరాల వైపు చూపించి ప్రేమగానే తలాడించింది. పిల్ల మళ్లీ కిందికి చూసింది. గోడ గడియారం టిక్కుమంటోంది. పక్కన పిడుగు రంగుపెన్సిలు దొర్లిస్తే అది బల్ల చివరిదాకా దొర్లిన చప్పుడంతా వినపడింది. మూడో వాక్యం దగ్గర పెద్దదాని గొంతు ఆగిపోయింది. నీళ్లు తాగొస్తానని వెళ్లింది. వచ్చి, పెన్సిలు చెక్కుకుంటానని లేచింది. ఆ తర్వాత కడుపులో నొప్పి అంది.

మొదటి రోజు కదా అనుకుంది తల్లి. మంగళవారం మరీ అన్యాయమైంది. నెల కిందట చదివి కథ చెప్పిన పేజీనే తీసి ఇచ్చింది, ధైర్యం వస్తుందని. పిల్ల అందులో మొదటి మాట దగ్గరే ఆగి, ఒక్కో అక్షరాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. "వచ్చినదే కదమ్మా ఇది!" అంది తల్లి. ఆ మాటలో కాస్త పదును వచ్చిందని అన్నాక తెలిసింది. పిల్ల పెదవులు బిగించుకుంది. ఉన్నట్టుండి పిడుగు బల్ల కింద నుంచి తల పైకెత్తి, "అమ్మా, తాత మిషన్ ఏదీ? నాకు బోరుగా ఉంది," అంది. పెద్దది చెల్లెలి వైపు చూసి చప్పున తల తిప్పుకుంది.

పన్నెండింటికి భోజనాల దగ్గర కథ లేదు. మామగారు ఒకటి రెండుసార్లు మనవరాలి వైపు చూశాడు. తిన్న పళ్లెం తనే కడుక్కుని, వెనక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. అప్పుడు మొదలైంది లోపల మిషన్ చప్పుడు, ఎవరికీ వినపడకూడదన్నట్టు నెమ్మదిగా.

బుధవారం పదింటికి నర్సు వచ్చింది. పక్కవీధిలో ఉంటుంది, ఆస్పత్రిలో నైట్ డ్యూటీ. పెద్దాయనకు కుట్టడానికిచ్చిన గౌను తీసుకుపోదామని వచ్చింది. ఆయన బొత్తాలు కొనడానికి బజారుకు వెళ్లాడు.

"ఉండండి, నేను తెచ్చిస్తాను," అంది కోడలు. చదువు ఎలాగూ ముందుకు కదలడం లేదు.

"అమ్మయ్య! పొద్దున పూట ఇస్తే చాలమ్మా నాకు. ఇంటికెళ్లి పడుకోవచ్చు. ఆయన ఇవ్వడుగా! తొమ్మిదిన్నరకు వస్తానంటే, పన్నెండు దాటాక రండమ్మా, పొద్దున నాకు వేరే పనుంది అంటాడు."

"వేరే పనేంటి? పొద్దున్నంతా మిషన్ మీదే కదా ఉండేది."

"ఏమోనమ్మా. ఏ మహారాజుకు కోటు కుడుతున్నాడో!" నర్సు ఆవలించి నవ్వింది.

కోడలు వెనక గదిలోకి వెళ్లింది. నర్సు గౌను ఇస్త్రీ చేసి చిలక్కొయ్యకు తగిలించి ఉంది. దాని నడుముపట్టీ కనపడలేదు. మిషన్ బల్ల సొరుగులో ఉంటుందేమోనని లాగింది. పట్టీ పైనే ఉంది. దాని కింద ముతకగుడ్డ ముక్కలు దొంతరగా, తాడుతో కట్టి ఉన్నాయి. అరచేతి వెడల్పు, నాలుగు మడతలు. ఒకటి తీసి విప్పింది. దాని మీద కుట్టు లేదు. ఒక్క పోగు దారం లేదు. కానీ గుడ్డంతా సూది పోట్లే. వరస పక్కన వరస, చోటు మిగలకుండా. కొన్ని చోట్ల ఎన్నిసార్లు పొడిచాడో, గుడ్డ జల్లెడయిపోయింది. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే వెలుగు చుక్కలు చుక్కలుగా ఆమె చేతి మీద పడింది. దొంతరలో అలాంటివి అరవైకి తక్కువ లేవు.

నర్సును పంపేసి వచ్చేసరికి మామగారు గుమ్మంలో ఉన్నాడు, బొత్తాల పొట్లంతో. కోడలి చేతిలో గుడ్డ చూసి పొట్లం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఏంటి మావయ్యగారూ ఇది?"

"ఏముందిలే అమ్మాయ్. పాతగుడ్డలు."

"దారం లేకుండా కుట్టారా?"

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. మోకాలు రుద్దుకున్నాడు. "గుడ్డ పెట్టకుండా తొక్కకూడదమ్మా. సూది కింద గుడ్డను లాగే పళ్లు అరిగిపోతాయి. అందుకని ఏదో ఓ ముక్క పెడతా." అదే ముఖ్యమైన సంగతి అన్నట్టు చెప్పి ఆగాడు. ఆమె కదలకపోయేసరికి గొంతు తగ్గించాడు. "అప్పట్లో ఒకరోజు నేను కుట్టుకుంటుంటే పాప నా పక్కన పైకి చదువుతోంది. దారం తెగి మిషన్ ఆపా. అదీ ఆపేసింది. మళ్లీ తొక్కా. మళ్లీ చదివింది. రెండు మూడుసార్లు చూశా. అంతే."

"మిషన్ చప్పుడులో అది చదివేది మీకు వినపడుతుందా?"

"వినపడదు. దానికి కావలసింది అదే కదా."

ఆమె చేతిలోని గుడ్డను మళ్లీ నాలుగు మడతలు పెట్టింది.

"తప్పు చదివినా ఎవరికీ తెలీదు. తనే దిద్దుకుంటుంది. కష్టమైన మాటొస్తే నావైపు చూస్తుంది. అప్పుడు కాస్త గట్టిగా తొక్కుతా." ఆయన పాదం నేల మీద దానంతటదే రెండుసార్లు ఆడింది. "నిజంగా కుడితే మధ్యలో దారం మార్చాలి, గుడ్డ తిప్పాలి, ఆగిపోతుంది. అందుకని ఉత్తినే తొక్కడం మొదలెట్టా."

"మూడు నెలలు! నాకొక్క మాట చెప్పకూడదూ?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా? అది చదువుతుంటే వినాలనిపిస్తుంది నీకు, తల్లివి కదా. విన్నావని తెలిస్తే అది సిగ్గుతో నోరు విప్పదు. నేను ఉత్త మిషన్ తొక్కుతున్నానని దానికీ తెలీదు, చెప్పకు. మొన్న చెబుదామనుకున్నా గానీ, నువ్వు కూర్చుని ఆ కుర్చీలకు గుడ్డలంటిస్తున్నావ్. ఎంత ఇష్టంగా అంటిస్తున్నావో! చెప్పబుద్ధి కాలేదు."

ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ మనిషి మోకాళ్ల నొప్పులతో రోజుకు మూడు గంటలు, ఎవరికీ అక్కర్లేని గుడ్డ మీద, తన కూతురి కోసం తొక్కాడు. ఆ మనిషిని తను పంతగాడనుకుంది. సామాన్ల గదిలో పెట్టింది. క్షమించమని అడగడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఆమె మిషన్‌కు ఒక పక్కన నిలబడి బల్ల అంచు పట్టుకుంది. "మీరు ఆ పక్క పట్టుకోండి మావయ్యగారూ."

"అబ్బాయిని రానీ. బరువమ్మా."

"పట్టుకోండి."

గుమ్మం దగ్గర ఇనుప కాలు మళ్లీ గడపకు తగిలింది. ఆయన తలెత్తేలోపే, "తగలనివ్వండి," అంది ఆమె.

మధ్యాహ్నం గ్రంథాలయంలో, రోజూ వచ్చే రిటైరైన పోస్ట్‌మ్యాన్ పేపరు విప్పుకుని గొణుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు. అలవాటుగా ఆమె వేలు పెదవుల దాకా వెళ్లింది. వెళ్లిన వేలు అక్కడే ఆగింది. హాల్లో అన్ని కుర్చీలుండగా ఆయనెప్పుడూ గరగరలాడే ఆ పాత ఫ్యాను కిందే ఎందుకు కూర్చుంటాడో పదేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు. ఆమె చెయ్యి దించి రిజిస్టరులో తల పెట్టుకుంది.

గురువారం పదింటికి తనిఖీ మేడం వచ్చింది. పొట్టిగా, చురుగ్గా, చేతిలో అట్టకు బిగించిన కాగితాలతో. ఆమె లోపలికి అడుగుపెట్టగానే పెద్దాయన మిషన్ ఆపి లేచి నిలబడ్డాడు. ఆఫీసరమ్మ వచ్చి తనను ఉత్త మిషన్ తొక్కే పిచ్చివాడనుకుంటుందేమోనని ఆ పూట దారం ఎక్కించి, నిజంగానే ఒక దిండుగలీబు పెట్టుకున్నాడు.

మేడం గది కలయజూసింది. వెలుగు, అలమర, గడియారం. కుర్చీ లాగి, చప్పుడు రాకపోతే వంగి చూసింది. "కాళ్లకు గుడ్డ కూడానా! ఇంత పద్ధతైన గది ఈ మధ్య నేను చూళ్లేదండీ." కాగితం మీద 'చదువుకునే వాతావరణం' అన్నచోట పూర్తి మార్కులు వేసేసింది. "ఇక పాప చదవాలి. పెద్దాయనా, మీరు కాసేపు ఆగాలి. నాకు వినపడాలి కదా."

"అలాగేనండీ, అలాగే." ఆయన టేపు తీసి చేతిలో నలుపుకుంటూ బయట మెట్ల మీదికి వెళ్లిపోయాడు. పిడుగు ఆయన వెంట పోయింది.

పెద్దది పేజీ తెరిచింది. గడియారం టిక్కుమంటోంది. "ఒ..." అంది. "ఒక..." పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. మేడం మంచిదే. "ఫర్వాలేదమ్మా, నిదానంగా," అంది. ఆ మంచితనం చెవులు రిక్కించుకుని కూర్చుంది. పిల్ల మెడ ఎర్రబడింది. మేడం కలం మూత తీసింది.

తల్లి కుర్చీ అంచుకు జరిగింది. ఒక్క మాట చెబితే మేడంకు అర్థమవుతుంది. కానీ ఆ మాట పిల్ల ఎదుట చెబితే ఇక మిషన్ చప్పుడు కూడా దాన్ని దాచలేదు. ఆమె లేచి వెళ్లి మిషన్ మీద కూర్చుంది.

"ఏమనుకోకండి మేడం. ఈ కాస్తా ఇవాళే ఇచ్చేయాలి, మాటిచ్చాం. మీరు కానివ్వండి." పుట్టి బుద్ధెరిగి ఆమె ఒక బొత్తామైనా కుట్టింది లేదు. పాదాలు పెట్టి నొక్కింది. చక్రం వెనక్కి తిరిగింది. మళ్లీ నొక్కింది. గర్రుమని నాలుగు కుట్లు పడి, దారం కింద ఉండచుట్టుకుని మిషన్ బిగుసుకుపోయింది. మేడం కళ్లద్దాలు తీసి చూస్తోంది. పక్కన చిన్న నవ్వు వినపడింది. పెద్దది కుర్చీ దిగి వచ్చింది.

"అలా కాదమ్మా." పిల్ల గుడ్డను అదిమిపట్టే ఫుట్టు పైకెత్తింది, గలీబు లాగి, దారం పళ్లతో పుటుక్కున తెంపింది, అచ్చం తాతలాగే. సూదిలో మిగిలిన దారం కూడా లాగేసింది. సొరుగు తీసి, దొంతరలోంచి ఒక ముతకగుడ్డ ముక్క తీసి నాలుగు మడతలు సూది కింద పెట్టి ఫుట్టు దించింది. తర్వాత తల్లి చెవిలో నోరు పెట్టింది. "తాత పొద్దున పూట దారం పెట్టడు. నాకు తెలుసని చెప్పకు, పాపం." తల్లి చెయ్యి పట్టుకుని చక్రం మీద వేసింది. "ముందు చేత్తో తిప్పు. అప్పుడు తొక్కు."

తిప్పింది. తొక్కింది. మిషన్ కుంటుకుంటూ కదిలి, దారిలో పడింది. పిల్ల వెళ్లి కూర్చుని వేలు పెట్టుకుంది. పెదవులు కదలడం మొదలైంది. మేడం ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. ఏమనుకుందో, కలం బల్ల మీద పెట్టి, కుర్చీ పిల్ల పక్కకు లాక్కుని, దాని నోటి దగ్గరికి చెవి వంచింది. కుర్చీ చప్పుడు చేయలేదు. ఆ ఉన్నిగుడ్డలు అందుకైనా పనికొచ్చాయి. పిల్ల వేలు ఒక వాక్యం దాటింది, ఇంకొకటి దాటింది. మధ్యలో ఒకచోట ఆగి తలెత్తి తల్లి వైపు చూసింది. ఆమె పిక్కలు లాగుతున్నా బలం కొద్దీ గట్టిగా తొక్కింది. వేలు కదిలింది. పేజీ తిరిగింది. ఒక పేజీ చాలని మేడం అనలేదు. కూతురు చదివే మాటల్లో ఒక్కటీ ఆమె చెవిన పడలేదు. వినాలన్న ఆరాటమూ లేదు. తొక్కుతూనే ఉంది.

పూర్తయ్యాక మేడం కాగితం నింపింది. "రెండుచోట్ల ఆగింది. తనే దిద్దుకుంది. బాగానే చదువుతోందండీ, ఆరు నెలల తర్వాత మళ్లీ వస్తా." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఈ మిషన్ రోజూ ఉంటుందా?"

"ఉంటుందండీ. తొమ్మిది నుంచి పన్నెండు దాకా."

"ఉండనివ్వండి," అంది మేడం. అక్కడే నిలబడి, వాతావరణం అన్న గడిలో ఇంకో మాటేదో చిన్న అక్షరాల్లో చేర్చి వెళ్లిపోయింది.

మెట్ల మీద పెద్దాయన లేవబోయి మోకాలు పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. "తొక్కింది నువ్వేనా? చక్రం వెనక్కి తిరిగినప్పుడే అనుకున్నా. దారం తెగిందా?"

"తెగింది మావయ్యగారూ."

"మరి తర్వాత బాగానే తొక్కావే. ఎవరు నేర్పారు?"

"అదే కుదిరింది," అంది ఆమె, మనసారా అబద్ధమాడుతూ. ఆయన లేవడానికి చెయ్యి అందించింది. ఆ చేతిని లోపలికి వచ్చేదాకా వదల్లేదు.

శుక్రవారం తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా ఆమె మిషన్ దుమ్ము తుడిచింది. నూనె డబ్బా తీసి, ఆయన వేసే చోట్ల రెండేసి చుక్కలు వేసింది. సూదిలోంచి దారం తీసేసింది. కొత్త ముతకగుడ్డ నాలుగు మడతలు వేసి పెట్టి ఫుట్టు దించింది. స్టూలు మీద ఒక మెత్త వేసింది.

"మావయ్యగారూ, తొమ్మిదవుతోంది. మీ పనికి వేళయింది."

ఆయన టేపు మెడలో వేసుకుంటూ వచ్చాడు. మెత్త చూశాడు, గుడ్డ చూశాడు, కూర్చున్నాడు. మిషన్ కదిలింది. కిటికీ దగ్గర పెద్దది పుస్తకం తెరుస్తూ, తాత వెనక నుంచి తల్లి వైపు చూసింది. చూసి, పెదవుల మీద వేలు పెట్టింది. తల్లి తలూపి, పిడుగును చంకనేసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.